గోల్ఫ్ పట్టర్: స్ట్రోక్‌కు తగిన ఎంపిక

గోల్ఫ్‌లో బంతి గ్రీన్ మీదికి చేరాక దాన్ని రంధ్రంలోకి దొర్లించే క్లబ్బు పట్టర్. మిగతా క్లబ్బులు బంతిని గాలిలోకి లేపుతాయి, ఇది నేల మీద నడిపిస్తుంది. పార్ లెక్క కట్టేటప్పుడు ఒక్కో గ్రీన్‌కు రెండు పట్ల చొప్పున కేటాయిస్తారు. అంటే 72 పార్ కోర్సులో 36 స్ట్రోకులు పట్టర్‌వే. అందరి చూపూ పడే డ్రైవర్ 18 హోల్స్‌లో ఎక్కువలో ఎక్కువ 14 సార్లు బయటికొస్తుంది. అయినా కొనేటప్పుడు డ్రైవర్ మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా చాలామంది పట్టర్ మీద పెట్టరు.

పట్టర్‌ను ఆటగాడి చేతివాటానికి, స్ట్రోక్‌కు ఎలా జతపరచాలో ఈ వ్యాసం వివరిస్తుంది. హైదరాబాద్ కోర్సులకు దూరంగా ఉండే కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల పాఠకులు ఇంటి దగ్గరే చేసుకోదగ్గ పరీక్షలు కూడా ఇందులో ఉన్నాయి.

నియమాల హద్దులు

గోల్ఫ్ నియమాలను స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ కేంద్రంగా పనిచేసే ఆర్ అండ్ ఏ, అమెరికాకు చెందిన యు.ఎస్.జి.ఎ. కలిసి రూపొందిస్తాయి. ఆటగాడి సంచిలో 14 క్లబ్బులకు మించకూడదు. ఏ క్లబ్బయినా పొడవు 18 అంగుళాలకు తగ్గకూడదు. పై హద్దు 48 అంగుళాలు, అయితే పట్టర్‌కు ఆ పై హద్దు వర్తించదు. పట్టర్ లాఫ్ట్, అంటే బంతిని తాకే ముఖం (ఫేస్) వెనక్కి వాలిన కోణం, 10 డిగ్రీలు దాటకూడదు. షాఫ్ట్ (క్లబ్బు కర్ర) నిట్టనిలువుగా ఉండటానికి వీల్లేదు, నిలువు నుంచి కనీసం 10 డిగ్రీలైనా వాలి ఉండాలి. మిగతా క్లబ్బులకు షాఫ్ట్‌ను హీల్ (తలలో ఆటగాడికి దగ్గరి కొస) వైపే బిగించాలి, పట్టర్‌కు మాత్రం తలలో ఎక్కడైనా బిగించవచ్చు. పట్టర్లలో ఇన్ని ఆకారాలు కనిపించడానికి ఈ వెసులుబాటే మూలం.

పట్టర్ పై కొసను పొట్టకో ఛాతీకో ఆనించి స్ట్రోక్ చేయడాన్ని 2016 జనవరి 1 నుంచి నిషేధించారు. నిషేధం ఆనించడం మీదే తప్ప పొడవాటి పట్టర్ మీద కాదు. ముంజేతికి ఆనించి పట్టుకునే ఆర్మ్‌లాక్ పద్ధతి ఇప్పటికీ చెల్లుతుంది. 2020 యు.ఎస్. ఓపెన్‌ను బ్రైసన్ డిషాంబో ఆ పద్ధతితోనే గెలిచాడు.

చరిత్ర

తొలినాళ్ల పట్టర్లకు తల చెక్కది, షాఫ్ట్ కూడా చెక్కదే. ఆ తర్వాత ఇనుప బ్లేడ్లు వచ్చాయి. బాబీ జోన్స్ వాడిన 'కెలామిటీ జేన్' అలాంటి సన్నని బ్లేడే. షాఫ్ట్‌ను హీల్ దగ్గర కాకుండా తల మధ్యలో బిగిస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు 20వ శతాబ్దం మొదట్లోనే జవాబు దొరికింది. అమెరికాలోని స్కెనెక్టడీ పట్టణానికి చెందిన ఆర్థర్ నైట్ రూపొందించిన పట్టర్‌తో వాల్టర్ ట్రావిస్ 1904లో బ్రిటిష్ అమెచ్యూర్ టైటిల్ గెలిచాడు. ఆర్ అండ్ ఏ 1910లో ఆ తరహా పట్టర్లను నిషేధించింది. 1952లో ఉమ్మడి నియమాలు అమల్లోకి వచ్చేదాకా నిషేధం తొలగలేదు.

అసలు మలుపు తెచ్చినవాడు జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరుగా పనిచేసిన కార్‌స్టెన్ సోల్‌హైమ్. బరువును తల మధ్యలో కుప్పగా పెట్టకుండా టో (ఆటగాడికి దూరపు కొస), హీల్ కొసలకు పంచితే, బంతి ఫేస్ మధ్యలో తగలకపోయినా తల అంతగా మెలి తిరగదని ఆయన గ్రహించాడు. 1959లో కాలిఫోర్నియాలోని తన గ్యారేజీలో తొలి పట్టర్ చేశాడు. బంతి తగిలినప్పుడు వచ్చే 'పింగ్' చప్పుడే కంపెనీ పేరయింది. 1966లో ఒక గ్రామఫోన్ రికార్డు కవరు మీద గీసుకున్న బొమ్మ 'ఆన్సర్' పట్టర్‌గా రూపుదిద్దుకుంది. నేడు దుకాణంలో కనిపించే బ్లేడ్ పట్టర్లలో ఎక్కువ భాగం ఆ బొమ్మకు వారసులే. టైగర్ వుడ్స్ గెలిచిన 15 మేజర్లలో 14 తెచ్చిపెట్టిన స్కాటీ కామెరాన్ న్యూపోర్ట్ 2 కూడా ఆ కోవలోదే.

పెద్ద తలల మ్యాలెట్లు తర్వాత జోరందుకున్నాయి. జాక్ నిక్లాస్ 46 ఏళ్ల వయసులో 1986 మాస్టర్స్‌ను అప్పటికి వింతగా కనిపించిన భారీ తల పట్టర్‌తో గెలిచాడు. ఒడిస్సీ 2-బాల్, టేలర్‌మేడ్ స్పైడర్ ఆ దారిని విస్తరించాయి.

తెలుగు నేలపై గోల్ఫ్

బ్రిటిష్ దీవుల బయట అతి పాత గోల్ఫ్ క్లబ్ కోల్‌కతాలోని రాయల్ కలకత్తా, 1829లో మొదలైంది. తెలుగు ప్రాంతంలో విశాఖపట్నం ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ సముద్రపు గాలిలో ఆడించే పాత కోర్సు. హైదరాబాద్‌లో గోల్కొండ కోట చేర్పయిన నయా ఖిలా ఆవరణలో 18 హోల్స్ కోర్సు ఉంది. బురుజులు, ముల్లా ఖయాలీ మసీదు, హథియన్ అని పిలిచే ఎన్నో శతాబ్దాల నాటి బావోబాబ్ చెట్టు ఆ ఆవరణలోనివే. గచ్చిబౌలిలో బండరాళ్ల మధ్య బౌల్డర్ హిల్స్ కోర్సు ఉంది. ప్రొఫెషనల్ టూర్ పోటీలు కూడా హైదరాబాద్‌కు వస్తున్నాయి, గోల్కొండ మాస్టర్స్ వాటిలో ఒకటి.

ప్రపంచ స్థాయిలో తెలుగు మూలాలున్న ఆటగాడు సాహిత్ తీగల. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన తల్లిదండ్రులకు కాలిఫోర్నియాలో పుట్టాడు. 2023 సెప్టెంబరులో నాపాలో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచి పి.జి.ఎ. టూర్‌లో తొలి టైటిల్ అందుకున్నాడు. 2024 ప్రెసిడెంట్స్ కప్‌లో అమెరికా జట్టుకు ఆడాడు. పట్టింగ్ బలంతో పైకొచ్చిన భారతీయుల్లో బెంగళూరుకు చెందిన అదితి అశోక్ పేరు ముందు చెప్పాలి. దూరం కొట్టడంలో వెనుకబడినా, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో పట్టర్ అండతో నాలుగో స్థానం దాకా వెళ్లింది.

స్ట్రోక్ రకాలు

షాఫ్ట్ వాలి ఉంటుంది కాబట్టి తల ఊగే తలం కూడా వాలుగానే ఉంటుంది. వాలు తలంలో ఊగే తల వెనక్కి వెళ్లేటప్పుడు కాస్త లోపలికి, అంటే ఆటగాడి వైపుకి, వస్తుంది. బంతి దగ్గర గురి రేఖను తాకి, ముందుకు పోయాక మళ్లీ లోపలికి వస్తుంది. పైనుంచి చూస్తే ఇది చిన్న వంపు. ఈ వంపునే ఆర్క్ అంటారు. మూడడుగుల పట్‌లో వంపు కంటికి ఆనదు, ముప్పై అడుగుల పట్‌లో స్పష్టంగా తెలుస్తుంది.

ఫిట్టింగ్ చేసేవారు స్ట్రోక్‌లను స్థూలంగా మూడు రకాలుగా విడదీస్తారు. తల దాదాపు గురి రేఖ మీదే వెనక్కీ ముందుకీ కదిలితే నేరు స్ట్రోక్. కొద్దిగా వంగితే స్వల్ప ఆర్క్. బాగా వంగితే బలమైన ఆర్క్. నడుము బాగా వంచి, కళ్లు బంతికి సరిగ్గా పైన ఉంచి, భుజాలను పైకీ కిందికీ ఊపేవారు నేరు స్ట్రోక్‌కు దగ్గరగా ఉంటారు. నిటారుగా నిలబడి బంతికి కాస్త దూరంగా ఉండేవారిలో ఆర్క్ పెరుగుతుంది.

ఇక్కడ రెండు విషయాలను విడిగా చూడాలి. తల నడిచే దారి ఒకటి, ఫేస్ తిరిగే తీరు మరొకటి. తల వంపు దారిలో నడుస్తున్నప్పుడు ఫేస్ ఆ దారికి లంబంగానే ఉండి, గురి రేఖతో పోలిస్తే తెరుచుకున్నట్టు కనిపించవచ్చు. బంతి మొదట ఏ దిక్కుకు బయలుదేరుతుందో ఎక్కువగా నిర్ణయించేది తాకే క్షణంలో ఫేస్ ఉన్న కోణమే, దారి ప్రభావం చాలా తక్కువ. ఫేస్ ఒక్క డిగ్రీ తప్పి బంతి అంతే తప్పి బయలుదేరిందనుకుందాం. పదడుగుల దూరం చేరేసరికి అది 5.3 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. రంధ్రం వ్యాసం 10.8 సెంటీమీటర్లు, అందులో సగం 5.4. అంటే ఒక్క డిగ్రీ తప్పుతో బంతి రంధ్రం అంచుకు చేరింది. ఇరవై అడుగుల దూరంలోనైతే అదే తప్పుకు బంతి రంధ్రాన్ని తాకనే తాకదు. పట్టర్ ఎంపికలో చర్చంతా ఫేస్‌ను వేళకు సూటిగా తేవడం చుట్టూ తిరగడానికి కారణం ఇదే.

టో హ్యాంగ్

పట్టర్ షాఫ్ట్‌ను తలకు కాస్త పైన చూపుడు వేలి మీద అడ్డంగా నిలిపితే తల తనంతట తానే ఒక భంగిమలో ఆగుతుంది. ఫేస్ ఆకాశం వైపు చూస్తూ నిలిస్తే అది ఫేస్ బ్యాలెన్స్‌డ్. టో సూటిగా నేల వైపు వేలాడితే పూర్తి టో హ్యాంగ్. ఈ రెంటి మధ్య 30, 45 డిగ్రీల వాలు గలవి అనేకం.

దీని వెనక లెక్క సులువైనదే. తల గరిమనాభి షాఫ్ట్ అక్షం పొడిగింపు కిందే ఉంటే తల ఏ పక్కకూ ఒరగదు. గరిమనాభి ఆ అక్షం నుంచి టో వైపు ఎంత జరిగితే టో అంత వేలాడుతుంది. అలాంటి తల బందు మీది తలుపులా షాఫ్ట్ చుట్టూ తిరుగుతుంది: వెనక్కి వెళ్లేటప్పుడు తెరుచుకుంటుంది, ముందుకు వచ్చేటప్పుడు మూసుకుంటుంది.

దీన్ని బట్టి స్థిరపడిన సూత్రం ఇది. నేరు స్ట్రోక్‌కు ఫేస్ బ్యాలెన్స్‌డ్, స్వల్ప ఆర్క్‌కు మధ్యస్థ టో హ్యాంగ్, బలమైన ఆర్క్‌కు పూర్తి టో హ్యాంగ్ నప్పుతాయి. బలమైన ఆర్క్ గల ఆటగాడి చేతికి ఫేస్ బ్యాలెన్స్‌డ్ పట్టర్ ఇస్తే ఫేస్ వేళకు మూసుకోక, కుడిచేతి వాటం వారికి బంతి కుడికి పోతుందన్నది ఫిట్టర్ల సాధారణ అంచనా. పింగ్ వంటి కంపెనీలు తమ పట్టర్లను ఏ రకం స్ట్రోక్‌కు ఉద్దేశించారో చెప్పే అమ్ముతాయి.

మెడ ఆకారాలు

టో హ్యాంగ్‌ను ఎక్కువగా నిర్ణయించేది మెడ, అంటే షాఫ్ట్ తలకు అతుక్కునే భాగం. ప్లంబింగ్ పైపులా రెండుచోట్ల మడత పడిన ప్లంబర్స్ నెక్ ఆన్సర్ నుంచి వచ్చింది, మధ్యస్థ టో హ్యాంగ్ ఇస్తుంది. హీల్ నుంచి సాఫీగా పైకి లేచే ఫ్లో నెక్‌లో వేలాడటం ఎక్కువ. షాఫ్టే రెండుచోట్ల వంగే డబుల్ బెండ్, మ్యాలెట్లలో తరచుగా ఫేస్ బ్యాలెన్స్‌డ్ ఫలితం ఇస్తుంది. పొట్టి స్లాంట్ నెక్ మ్యాలెట్‌లో కూడా టో హ్యాంగ్ తేగలదు. కాబట్టి మ్యాలెట్ అనగానే నేరు స్ట్రోక్‌కని, బ్లేడ్ అనగానే ఆర్క్‌కని అనుకోవడం పొరపాటు. తల ఆకారం చూసి తీర్పు చెప్పకుండా వేలి మీద నిలిపి చూడాలి.

షాఫ్ట్ ఫేస్‌కు ఎంత ముందుగా ఉందో దాన్ని ఆఫ్‌సెట్ అంటారు. ఇది ఆటగాడి కంటికి గురి కుదిరే తీరును మారుస్తుంది. ఏ ఆఫ్‌సెట్‌తో ఎవరి గురి సరిగ్గా పడుతుందో మనిషిని బట్టి ఉంటుంది, పరీక్షించి తేల్చుకోవాల్సిందే.

పొడవు, లై, లాఫ్ట్

ఎక్కువ మంది తప్పుచేసేది పొడవు దగ్గరే. దుకాణంలో సిద్ధంగా దొరికేవి సాధారణంగా 33 నుంచి 35 అంగుళాలు. పొడవు నిర్ణయించేది ఎత్తు ఒక్కటే కాదు. నిలబడే భంగిమ, చేతుల పొడవు కలిసి మణికట్టు నేలకు ఎంత ఎత్తున ఉంటుందో దాన్నిబట్టి పొడవు తేలుతుంది. చేతులు సహజంగా కిందికి వేలాడాలి, కళ్లు బంతికి పైన గానీ కాస్త లోపల గానీ ఉండాలి. పట్టర్ మరీ పొడవైతే ఆటగాడు బంతికి దూరంగా జరుగుతాడు, మోచేతులు మడుస్తాడు, గ్రిప్ పొట్టకు తగులుతుంది. దూరం జరిగేకొద్దీ ఆర్క్ పెరుగుతుంది. అంటే పొడవు తప్పయితే స్ట్రోక్ కూడా ఆటగాడి అసలు స్ట్రోక్ కాకుండా పోతుంది. అందుకే స్ట్రోక్ కొలిచేముందు పొడవు సరిచూడాలి. ఫిట్టింగ్‌లో ఈ వరస తలకిందులైతే ఆ తర్వాత తీసుకున్న కొలతలన్నీ వృథా.

లై అంటే షాఫ్ట్ నేలతో చేసే కోణం. ఎక్కువ పట్టర్లకు ఇది 70 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. నిలబడినప్పుడు సోల్, అంటే తల అడుగు భాగం, నేలకు సమంగా ఆనాలి. టో లేచి ఉంటే లై మరీ నిటారు, హీల్ లేచి ఉంటే మరీ చదును. పట్టర్ లాఫ్ట్ తక్కువ కాబట్టి లై తప్పు వల్ల గురి తప్పేది కొంచెమే. బంతి ఫేస్ మధ్యలో కాకుండా టోకో హీల్‌కో తగలడం దానివల్ల కలిగే పెద్ద నష్టం.

లాఫ్ట్ సాధారణంగా 2 నుంచి 4 డిగ్రీలు. గడ్డిలో బంతి తన బరువుతో చిన్న గుంటలో కూర్చుంటుంది. దాన్ని అందులోంచి కాస్త లేపకపోతే మొదట్లోనే ఎగురుతుంది. బంతి ముందు కొంత జారి, తర్వాత దొర్లడం మొదలుపెడుతుంది. ఆ జారుడు ఎంత తగ్గితే అంత మేలు. దక్షిణ భారత కోర్సుల్లో ఎక్కువగా కనిపించేది బెర్ముడా, అంటే మన గరిక జాతి గడ్డి. దాని పరకలు ఒక వైపుకు వాలుతాయి. వాలుకు ఎదురుగా బంతి నెమ్మదిస్తుంది, వాలు వెంట పరుగెడుతుంది. వానాకాలంలో గడ్డి ఒత్తుగా ఉన్న నెమ్మది గ్రీన్ల మీద 4 డిగ్రీల లాఫ్ట్ అక్కరకొస్తుంది. గ్రిప్‌ను ముందుకు వంచి కొట్టే అలవాటున్నవారికి ఆ వంపు మేర లాఫ్ట్ తగ్గిపోతుంది, వారు ఎక్కువ లాఫ్ట్ ఉన్నదే తీసుకోవాలి. గ్రీన్ వేగాన్ని కొలిచేది స్టింప్‌మీటర్. ఎడ్వర్డ్ స్టింప్‌సన్ 1935లో దాన్ని రూపొందించాడు.

తల ఆకారం, బరువు, ఫేస్

తల బరువు సాధారణంగా 330 నుంచి 370 గ్రాములు. అంచులకు బరువు పంచిన వెడల్పాటి మ్యాలెట్ బంతి మధ్యలో తగలకపోయినా మెలి తిరగడాన్ని ఎక్కువగా తట్టుకుంటుంది. బ్లేడ్ తప్పును చేతికి స్పష్టంగా తెలియజేస్తుంది. కొత్తవారికి మ్యాలెట్ వైపు మొగ్గడంలో న్యాయముంది. ఫేస్ మీద మెత్తని ఇన్సర్ట్ ఉంటే చప్పుడు తగ్గుతుంది, బంతి వేగం కూడా కాస్త తగ్గవచ్చు. లోహపు ఫేస్ చప్పుడు ద్వారా దూరాన్ని అంచనా వేసేవారు చాలామంది ఉన్నారు. ఇందులో ఒప్పూ తప్పూ లేదు, చెవికీ చేతికీ నచ్చింది ఎంచుకోవచ్చు. గ్రిప్ లావుగా ఉంటే మణికట్టు కదలిక తగ్గుతుందని ఎక్కువ మంది అనుభవం.

ఇంటి వద్ద పరీక్షలు

కరీంనగర్ నుంచి హైదరాబాద్ సుమారు 160 కిలోమీటర్లు, ఆదిలాబాద్ నుంచి దాదాపు 300. ప్రతి సందేహానికీ అంత దూరం పోనక్కరలేదు. టాన్ బ్రౌన్ గ్రానైట్ పుట్టిన కరీంనగర్ జిల్లాలో తిన్నని అంచున్న రాతిపలకకు కొదవ లేదు. రెండు పలకల మధ్య అతుకు గీతను గురి రేఖగా వాడుకోవచ్చు. నున్నటి రాయి మీద బంతి మరీ వేగంగా జారుతుంది కాబట్టి దూరం అంచనాకు అది పనికిరాదు. పొట్టి నూలున్న కార్పెట్ ముక్క పరిచి, తాపీ మేస్త్రీలు గీత కొట్టే రంగు దారంతో దాని మీద గీత వేస్తే సరిపోతుంది.

మొదట ఫోన్‌ను గీతకు సరిగ్గా ఎదురుగా, నేలకు దగ్గరగా నిలిపి వీడియో తీయాలి. తల వెనక్కి వెళ్లేటప్పుడు గీతను ఎంత విడిచి లోపలికి వస్తుందో నెమ్మది వేగంలో చూస్తే తెలుస్తుంది. ఐదడుగులకూ పదిహేనడుగులకూ వేర్వేరుగా తీయాలి.

తర్వాత బంతి నడుము చుట్టూ స్కెచ్ పెన్నుతో గీత గీసి, దాన్ని గురి రేఖకు సమంగా పెట్టి కొట్టాలి. గీత వంకరపోకుండా చక్రంలా దొర్లితే ఫేస్ సూటిగా తగిలినట్టు. ఊగిసలాడితే ఫేస్ గానీ తగిలిన చోటు గానీ తప్పినట్టు. బంతికి రెండడుగుల ముందు రెండు క్యారమ్ కాయిన్లను బంతి పట్టేంత సందుతో పెట్టి అందులోంచి పంపితే తప్పు ఎక్కువగా ఏ వైపో బయటపడుతుంది. లిప్‌స్టిక్ గానీ తడి సుద్దపొడి గానీ పల్చగా పూస్తే ఫేస్ మీద బంతి ఎక్కడ తగిలిందో మచ్చ చెబుతుంది.

భిన్నాభిప్రాయాలు

టో హ్యాంగ్‌ను ఆర్క్‌తో జతపరచే సూత్రం విస్తృతంగా వాడుకలో ఉన్నా తిరుగులేనిది కాదు. బలమైన ఆర్క్ ఉండి ఫేస్ బ్యాలెన్స్‌డ్ పట్టర్‌తో నెగ్గినవారు ఉన్నారు. ఫేస్ తిరగడం ఎక్కువైనవారికి ఆ తిరుగుడును ఆపే పట్టర్ ఇవ్వాలా, దానికి సహకరించేది ఇవ్వాలా అన్న దగ్గర ఫిట్టర్లు రెండు పక్షాలుగా ఉన్నారు. షాఫ్ట్ వాలుకు తగ్గట్టే తలను సమతూకం చేసి, ఊపులో ఫేస్ తనంతట తిరగకుండా చేసే పట్టర్లు ఇటీవల ప్రాచుర్యం పొందాయి. ఎల్.ఏ.బి. గోల్ఫ్ ఆ తరహాకు దారి వేసింది. 2025 యు.ఎస్. ఓపెన్ చివరి గ్రీన్ మీద జె.జె. స్పాన్ 64 అడుగుల పట్‌ను రంధ్రంలో వేసింది ఆ కంపెనీ పట్టర్‌తోనే. ఇవి ఆర్క్‌ను బట్టి పట్టర్ ఎంచుకోవాలన్న పాత లెక్కను పక్కన పెడతాయి. అయితే పాత సూత్రానికి కాలం చెల్లిందనడం తొందరపాటు. ఎవరి చేతిలో ఏది పదే పదే సూటిగా తగులుతుందో చూసుకోవడమే ఇరుపక్షాలూ ఒప్పుకునే గీటురాయి.

కొనుగోలు, మార్పులు

పాత పట్టర్‌నే సరిదిద్దుకోవడం కూడా ఒక దారి. షాఫ్ట్ పొడవు తగ్గించవచ్చు, కానీ కోసేకొద్దీ తల చేతికి తేలికగా అనిపిస్తుంది, దానికి తల బరువు పెంచాల్సి రావచ్చు. మెత్తని ఉక్కుతో చేసిన మెడను వంచి లై, లాఫ్ట్ ఒకటి రెండు డిగ్రీలు సవరించవచ్చు. చవక రకం పోత లోహపు మెడ వంచితే విరుగుతుంది. ఆన్‌లైన్‌లో కొనేవారు పొడవు, లై, లాఫ్ట్, టో హ్యాంగ్ నాలుగూ వివరాల్లో ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఆ వివరాలు లేని పట్టర్‌ను ధర చూసి కొనకూడదు. హైదరాబాద్‌లో ఫిట్టింగ్‌కు వెళ్లేవారు రోజూ ఆడే బంతులు, పాత పట్టర్, ఇంట్లో తీసిన వీడియోలు వెంట తీసుకెళ్లాలి. షాఫ్ట్ కోయించాల్సి వస్తే ముందు గ్రిప్‌ను కిందికి దించి పట్టుకుని నాలుగు రౌండ్లు ఆడి, పొడవు ఖాయమయ్యాకే కోయించాలి.